పికప్ బండి ముందు చక్రాల హబ్బు



ఎడ్ల బండి చక్రం మీరందరూ చూశారు. చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. లోపల ఆకులు ఉంటాయి. ఆకులన్నీ వచ్చి నడుమ ఒక లావు దిమ్మలో దిగుతాయి. ఆ దిమ్మను కొన్ని ఊళ్ళలో కుండ అంటారు, కొన్ని చోట్ల తూము అంటారు. దాని బెజ్జంలో ఇరుసు ఉంటుంది. ఇరుసు తిరగదు. చక్రమే దాని మీద తిరుగుతుంది. చక్రం ఊడిపోకుండా చివర శీల కొడతారు. కందెన లేకపోతే కిర్రుమంటుంది.

మోటారు బండి చక్రానికీ నడుమ అలాంటి దిమ్మ ఉంది. దాన్ని హబ్బు అంటారు. ఈ పాఠం ఆ హబ్బు గురించే. "ఇది డ్రైవర్ల పని, మనకెందుకు" అనుకోవద్దు. ఆ బండి ఎక్కేది మనం. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు సంతకు పంపేది ఆ బండిలోనే. రాత్రివేళ కాన్పు నొప్పులు వస్తే పరుగెత్తేది ఆ బండికోసమే.

పాడేరు కొండల్లోని ఒక ఊరు అనుకుందాం. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్య పట్టణం. ఆ జిల్లా 2022లో ఏర్పడింది. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. కాని తారు రోడ్డు ఆగిన చోట అంబులెన్సు కూడా ఆగిపోతుంది. అక్కడి నుంచి డోలీ కట్టాలి. లేదా బురదలో నడిచే బండి కావాలి. అందుకే ఈ ఊరి పొదుపు సంఘం వాళ్ళు పాత పికప్ బండి ఒకటి కొన్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. దాన్నే ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు.

మామూలు పికప్ బండికి వెనక చక్రాలకే బలం ఉంటుంది. అవి తోస్తాయి, ముందువి దొర్లుతాయి. బురదలో వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. అప్పుడు ముందు చక్రాలు కూడా లాగితే బండి పైకి వస్తుంది. ముందు ఎడ్లు లాగుతుంటే వెనక మనుషులు తోసినట్టు అన్నమాట.

ఒక వానరాత్రి ఏమయిందంటే, నెలలు నిండిన ఆమెను ఎక్కించుకుని బండి బయలుదేరింది. వాగు దాటాక బురదలో దిగబడింది. డ్రైవరు కర్రను నాలుగు చక్రాల గేరులోకి వేశాడు. ఇంజను గట్టిగా అరిచింది. వెనక చక్రాలు తిరిగాయి. టార్చిలైటు వేసి చూస్తే ముందు చక్రాలు కదలనే లేదు! పదిమంది కలిసి తోస్తే ఎలాగో గట్టెక్కింది. తల్లీబిడ్డా క్షేమం. కాని మర్నాడు సంఘంలో అందరిదీ ఒకటే ప్రశ్న. నాలుగు చక్రాల బండి అని డబ్బు పోసి కొన్నాం, మరి ముందు చక్రాలు ఎందుకు తిరగలేదు?

దీనికి జవాబు హబ్బులో ఉంది.

ముందు చక్రం బోలుగా ఉన్న ఒక ఇనుప కుదురు మీద తిరుగుతుంది. ఎడ్ల బండి ఇరుసులాగే ఆ కుదురు తిరగదు. కాని దాని బోలులోంచి ఇంకో కడ్డీ వస్తుంది. అది ఇంజను వైపు నుంచి వస్తుంది, తిరుగుతుంది. ఆ కడ్డీ చివరను చక్రంతో కలిపేదీ, విడదీసేదీ హబ్బులోని తాళం. తిరగలి గుర్తు చేసుకోండి. పిడి పైరాయిలో గట్టిగా దిగి ఉంటేనే రాయి తిరుగుతుంది. పిడి వదులైతే చేయి తిరుగుతుంది, రాయి తిరగదు. ఆ రాత్రి అదే జరిగింది. కడ్డీ తిరిగింది, చక్రం తిరగలేదు.

అసలు విడదీయడం ఎందుకు, ఎప్పుడూ కలిపే ఉంచవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల్లో అలాగే కలిపి ఉండేది. మంచి రోడ్డు మీద కూడా ముందు కడ్డీలు ఊరికే తిరిగేవి. అవి అరిగేవి, ఆయిలు ఎక్కువ తాగేవి. యుద్ధం అయ్యాక ఆ జీపులు మామూలు జనం చేతికి వచ్చాయి. 1948లో అమెరికాలోని సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన చేతితో తిప్పే తాళం హబ్బులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. తరవాత ఆ పద్ధతి అన్ని దేశాలకూ పాకింది. గల్ఫు దేశాలకు పోయిన మనవాళ్ళలో పికప్ బండ్లు నడిపేవాళ్ళు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఫోనులో అడగండి. ఇసుకలో దిగేముందు ఏం చేస్తారో చెబుతారు.

సంఘం బండికి ఉన్నది దానంతట అదే కలిసే హబ్బు. ఆటోమేటిక్ అంటారు. కొన్నింటిలో ఇంజను పీల్పుతో సన్నని రబ్బరు గొట్టం ద్వారా తాళం పడుతుంది. గొట్టం పగిలితే పీల్పు పోతుంది, తాళం పడదు. ఇంకొన్ని రకాల్లో బండిని ముందుకూ వెనక్కూ ఊపితే పడిన తాళం కూడా ఊడిపోతుంది. బురదలో మనం చేసేది ఆ ఊపడమే కదా! అందుకే సంఘం వాళ్ళు చేతితో తిప్పే హబ్బులు వేయించాలని తీర్మానం రాసుకున్నారు. డ్రైవరు కిందికి దిగి తిప్పాలి, అది కొంచెం కష్టమే. కాని పడిందా లేదా అన్నది కంటితో చూసి తెలుసుకోవచ్చు. కొండ దారికి ఇదే మేలని నేనూ అంటాను.

షెడ్డులో మాటలు ఇలా జరిగాయి.

"తమ్ముడూ, ఏ హబ్బు అయినా మా బండికి పడుతుందా?"

"పడదక్కా. కడ్డీ చివర పళ్ళుంటాయి. ఆ పళ్ళు ఎన్నో కొత్త హబ్బు లోపల గాట్లు అన్నే ఉండాలి. బోల్టుల లెక్క కూడా కలవాలి. కొన్ని బండ్లకు అయిదు, కొన్నిటికి ఆరు."

"అయితే కొనకముందే లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాం."

ఆ కాగితం పట్టుకునే వాళ్ళు పట్నం వెళ్ళారు. దుకాణంవాడు మొదట వేరే సరుకు చూపించాడు. పళ్ళు లెక్కపెట్టారు. కలవలేదు. తిరిగి ఇచ్చేశారు. అంకెలు నేర్చుకున్నది ఇందుకే కదా.

ఇక బిగించే పని. ముందు వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టాలి. చేతి బ్రేకు వేయాలి. జాకీ ఎత్తాక బండి కింద గట్టి స్టాండు పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి ఎవరినీ కిందికి దూరనివ్వకండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. తరవాత చక్రం, పాత హబ్బు విప్పుతారు. లోపల రెండు బేరింగులు కనబడతాయి. ఒకటి లోపలి వైపు, ఒకటి బయటి వైపు. రెండు చక్రాలకు కలిపి నాలుగు. హబ్బు ఎలాగూ విప్పారు కాబట్టి వీటినీ కడిగించి చూడాలి. కందెన మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు దిగినట్టు. వాగులు దాటే బండికి ఇది మామూలే. అప్పుడు కందెన మొత్తం తీసి, రబ్బరు సీలు కొత్తది వేయాలి. బేరింగు మీద గుంటలు, నీలి మచ్చలు ఉంటే అది పనికిరాదు.

కందెన దగ్గర ఒక తేడా ఉంది. బేరింగులకు సందు లేకుండా దట్టించాలి. తాళం భాగానికి మాత్రం పలచగా పూయాలి. అక్కడ కూడా కుక్కితే తాళం జిగురుపట్టి తిరగదు. బేరింగు నట్టును మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, వదిలేస్తే చక్రం ఊగుతుంది. బిగించాక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమనండి. లొడలొడలాడకూడదు. తేలిగ్గా తిరగాలి. బోల్టులు ఒకదాని పక్కన ఒకటి కాదు, ఎదురెదురుగా బిగించాలి. పాత రబ్బరు గొట్టం మూతి మూసెయ్యమని గుర్తుచేయండి, తెరిచి ఉంచకూడదు.

డబ్బు ఇచ్చే ముందు ఈ పరీక్ష మన కళ్ళముందు జరగాలి. చక్రం గాలిలో ఉండగానే హబ్బును ఫ్రీలో పెట్టి చేత్తో తిప్పాలి. వెనకున్న కడ్డీ కదలకూడదు. తరవాత లాక్‌లో పెట్టి తిప్పాలి. కడ్డీ కూడా చక్రంతో తిరగాలి. రెండో చక్రానికీ ఇంతే. పాత సామాను అడిగి తెచ్చుకోండి, రసీదు రాయించుకోండి.

హబ్బు మీద రెండు ఇంగ్లీషు మాటలు ఉంటాయి. ఫ్రీ అంటే విడిగా. లాక్ అంటే కలిపి. ఇంగ్లీషులో రెండు మాటలకూ నాలుగేసి అక్షరాలే. కనుక మొదటి అక్షరం చూడండి. నిలువు గీతకు కింద ఒక్క అడ్డగీత ఉంటే లాక్. నిలువు గీతకు పైనా మధ్యలోనూ అడ్డగీతలుంటే ఫ్రీ. నేను కూడా ఇది మెకానిక్ పక్కన కూర్చునే నేర్చుకున్నాను, టీచరు ట్రైనింగులో చెప్పలేదు!

రెండు హబ్బులూ ఒకే గుర్తు మీద ఉండాలి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీ ఉంటే లాభం లేదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు ముందుకు వచ్చే బలం విడిగా ఉన్న వైపుకే పోతుంది, లాగాల్సిన చక్రం ఊరుకుంటుంది. బురదలో దిగాక కాదు, దిగకముందే, వాగు ఇవతల గట్టి నేల మీద ఆగి లాక్ చేయాలి. గేరు కర్రను నాలుగు చక్రాలకు బురదలోనే వేయాలి. పొడి తారు రోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పొత్తు కుదరదు, లోపలి పళ్ళు దెబ్బతింటాయి. హబ్బు మాత్రం లాక్‌లో ఉండి కర్ర రెండు చక్రాల మీదే ఉంటే ప్రమాదం లేదు. కొంచెం డీజిలు ఎక్కువ పోతుంది, అంతే. వానాకాలంలో రాత్రి పిలుపు రావచ్చు అనుకుంటే లాక్‌లోనే ఉంచమని ఆ సంఘం వాళ్ళు డ్రైవరుకు చెప్పారు.

మొదటిసారి కొంత దూరం తిరిగి వచ్చాక హబ్బు మీద జాగ్రత్తగా చేయి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉండవచ్చు. చేయి పెట్టలేనంత వేడి ఉంటే బండి ఆపి షెడ్డుకు కబురు చేయాలి.

సంఘం పుస్తకంలో ఒక పేజీ ఇలా రాశారు. మీరూ మీ నోటు పుస్తకంలో రాయండి.

బండి మీటరు: 41,260 కిలోమీటర్లు
కొత్త హబ్బులు: 2
కడిగిన బేరింగులు: 4
కొత్త సీళ్ళు: 2
ఒక్కో హబ్బుకు బోల్టులు: 6

ఇప్పుడు లెక్క. రెండు హబ్బులకు కలిపి బోల్టులు ఎన్ని? 500 కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్ళీ బిగించి చూడాలని మెకానిక్ చెప్పాడు. అప్పటికి మీటరులో ఏ అంకె కనిపించాలి? ఆ అంకెను పెద్దగా రాసి, డ్రైవరు సీటు ఎదురుగా అంటించండి.