వకీలుతో తొలి సమావేశము: ప్రమాద బాధితులు సిద్ధపరచుకొనవలసిన విషయములు

వకీలు, ఫిర్యాదు, రసీదు, వకాలతునామా – న్యాయస్థానము వాకిట నిత్యము వినిపించు ఈ మాటలు పారసీ, ఉర్దూ భాషల ద్వారా మన తెలుగులోనికి వచ్చి స్థిరపడినవి. వకీలు అనగా మన పనిని మనకు బదులుగా నిర్వహించుటకు మనము నమ్మి నియమించుకొనిన వ్యక్తి. నమ్మి అప్పగించువాడు తాను ఏమి అప్పగించుచున్నాడో ముందుగా తెలిసికొనియుండవలెను. రోడ్డు ప్రమాదములో గాయపడిన వారి విషయములో ఈ మాట మరింత సత్యము.

మన భోగాపురము విశాఖపట్నము నుండి శ్రీకాకుళము పోవు జాతీయ రహదారి మీద ఉన్నది. చిరకాలము 5వ నంబరుగా పిలువబడిన ఆ రహదారికి నేడు 16వ నంబరు. చెన్నై, కలకత్తా నగరములను కలుపు ఈ దారిలో రాత్రింబవళ్లు లారీలు నడచుచుండును. ముక్కాం, చేపలకంచేరు వంటి తీరగ్రామముల వారికి సంతకైనను, ఆసుపత్రికైనను ఈ రహదారితో పని తప్పదు. ప్రమాదము జరిగిన ఇంటిలో మొదట ఆసుపత్రి, తరువాత అప్పు, ఆ పిమ్మటనే న్యాయస్థానము జ్ఞాపకమునకు వచ్చును. ఆ ఆలస్యములో కాగితములు పోవును, సాక్షులు మరచిపోవుదురు.

చట్టము, గడువు

నష్టపరిహారమునకు ఆధారము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ప్రమాదము జరిగిన చోటగాని, బాధితుడు నివసించు చోటగాని, ప్రతివాది నివసించు చోటగాని అధికారము గల ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవచ్చును. 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చుటతో, ప్రమాదము జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు చేయవలెనను నియమము ఏర్పడినది. ఈ గడువును గూర్చి సర్వోన్నత న్యాయస్థానములో వివాదము నడచినను, బాధితుడు ఆరు నెలలనే హద్దుగా ఎంచుకొనుట క్షేమకరము. గుద్దిన వాహనము ఏదో తెలియనప్పుడు కూడ దారి మూసికొనిపోలేదు. అట్టి సందర్భములో మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు ఇచ్చు ప్రభుత్వ పథకము కలదు.

తీసికొనిపోవలసిన కాగితములు

మొదటిది పోలీసుల ప్రథమ సమాచార నివేదిక, అనగా ఎఫ్.ఐ.ఆర్. దీని నకలును బాధితునకు ఉచితముగా ఇవ్వవలెనని చట్టమే చెప్పుచున్నది. తరువాత గాయముల ధ్రువపత్రము, ఆసుపత్రి డిశ్చార్జి కాగితము, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు కావలెను. ఆటోకు, అంబులెన్సుకు ఇచ్చిన చిన్న మొత్తముల రసీదులను సైతము పారవేయరాదు. గుద్దిన వాహనము నంబరు, దాని బీమా వివరము తెలిసినచో వ్రాసి ఉంచుకొనవలెను.

వయస్సును రుజువుపరచు పత్రము తప్పక ఉండవలెను. దీని ప్రాధాన్యము చాలమందికి తెలియదు. 2009లో సరళా వర్మ కేసులో సర్వోన్నత న్యాయస్థానము వయస్సును బట్టి ఒక గుణకమును నిర్ణయించినది. 26 నుండి 30 ఏండ్ల వారికి అది 17. 46 నుండి 50 ఏండ్ల వారికి 13. నెలకు 12,000 రూపాయలు సంపాదించు వ్యక్తి తన సంపాదనా శక్తిలో నూటికి 40 వంతులు కోల్పోయెననుకొందము. ఏటి నష్టము 57,600 రూపాయలు. ముప్పది ఏండ్ల వానికి ఈ పద్దు క్రింద 9,79,200 రూపాయలు, ఏబది ఏండ్ల వానికి 7,48,800 రూపాయలు లెక్కకు వచ్చును. ఒక తప్పు పుట్టినతేదీ ఎంత నష్టము తెచ్చునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

జీతపు చీటీ లేనివారు నిరాశ పడనక్కరలేదు. చేపలమ్ము స్త్రీకి డ్వాక్రా సంఘపు పుస్తకము, బ్యాంకు పాస్‌పుస్తకము, సరకు ఇచ్చు పడవ యజమాని సాక్ష్యము సంపాదనను సూచించును. ఇంటిపని మాత్రమే చేయు గృహిణి శ్రమకు కూడ విలువ కట్టవలెనని 2021లో కీర్తి కేసులో సర్వోన్నత న్యాయస్థానము స్పష్టపరచినది.

వృత్తిని గూర్చి వివరముగా చెప్పవలెను. 2010 నాటి రాజ్‌కుమార్ కేసులో ఆ న్యాయస్థానము ఒక చక్కని ఉదాహరణ ఇచ్చినది. ఎడమచేయి పోయిన గుమాస్తా ఉద్యోగము నిలుచుకొనవచ్చును. అదే చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో జీవనోపాధి దాదాపు పూర్తిగా పోవును. కావున వైద్యుడు వ్రాసిన శాతముతో తృప్తిపడక, ఆ గాయము వలన ఏ పని చేయలేకపోవుచున్నామో వకీలుకు తెలుపవలెను.

దాచకూడని సంగతులు

లైసెన్సు లేకుండుట, హెల్మెటు ధరింపకుండుట, ఒకే బండిపై ముగ్గురు పోవుట, పాత గాయము, లారీ యజమాని నుండి ముందే కొంత సొమ్ము తీసికొనుట – ఇట్టివి చెప్పుటకు మనకు సంకోచము కలుగును. కాని వీనిని మొదట వినవలసినవాడు మన వకీలే. ఎదుటి పక్షపు వకీలు నోట అతడు వినరాదు. కక్షిదారుడు చెప్పిన రహస్యమును అతని సమ్మతి లేక వకీలు వెల్లడింపరాదని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము శాసించుచున్నది. మన పొరపాటు కొంత ఉన్నంత మాత్రమున హక్కు అంతయు పోదు. పరిహారములో ఆ మేరకు తగ్గింపు జరుగవచ్చును, అంతే. జరిగినదానిని తేదీల వారీగా ఒక కాగితముపై వ్రాసికొనిపోవుట ఉత్తమము.

ఫీజు, సంతకము

అమెరికాలో వచ్చిన పరిహారములో ఒక వంతును వకీలు ఫీజుగా తీసికొను పద్ధతి వాడుకలో ఉన్నది. మన దేశములో కేసు ఫలితమును బట్టి ఫీజు నిర్ణయించుటను, వచ్చిన సొమ్ములో వాటా కోరుటను భారత బార్ కౌన్సిలు నియమములు నిషేధించినవి. కనుక ఫీజు ఎంత, ఎన్ని విడతలు, రసీదు ఇత్తురా అని తొలినాడే మర్యాదగా అడుగవలెను. ఖాళీ కాగితముపై సంతకముగాని వేలిముద్రగాని వేయరాదు. అసలు పత్రములు ఇచ్చినచో రసీదు పుచ్చుకొనవలెను. లోక్ అదాలతులో రాజీకి ఒప్పుకొనుటకు ముందు బాగుగా ఆలోచింపవలెను; అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు.

ఫీజు ఇచ్చుకొనలేనివారికి 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టము క్రింద ఉచిత సహాయము లభించును. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగల వారు, వికలాంగులు ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

విద్యార్థులారా! మీ ఇరుగుపొరుగున ఇట్టి కష్టము వచ్చినప్పుడు బాధితుని వెంట వకీలు వద్దకు పోవువారు బహుశా మీరే కావచ్చును. ఎఫ్.ఐ.ఆర్. తెలుగులో ఉండును, ఇంటిలోని వృద్ధమాతకు ఉర్దూ మాత్రమే తెలియును. దానిని ఆమెకు చదివి, అర్థము చెప్పి, ఆమె చెప్పినదానిని తేదీలతో వ్రాసిపెట్టినచో ఒక కుటుంబము అప్పుల పాలు కాకుండ కాపాడినవారగుదురు. రెండు భాషలు నేర్చిన మనకు ఇంతకన్న తగిన సేవ ఏమున్నది?