లేక్‌సైడ్ బడిలో కంప్యూటర్ గది

పోయినసారి వార్షికోత్సవానికి మన హాస్టలుకు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. “అన్నా, బిల్ గేట్స్ చదువు మధ్యలనే బంద్ పెట్టిండంట గదా! అయినా అంత పెద్దోడయ్యిండు. మరి మనమెందుకు ఇంత చదవాలె?” భోజనాల హడావుడిలో ఏదో సర్దిచెప్పి బయటపడ్డాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు దానికే జవాబు రాద్దామనుకున్నాం.

బిల్ గేట్స్ మధ్యలో మానేసింది హార్వర్డ్ విశ్వవిద్యాలయం చదువు. 1973లో అక్కడ చేరాడు. 1975లో మిత్రుడు పాల్ అలెన్‌తో కలిసి మైక్రోసాఫ్ట్ కంపెనీ పెట్టాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. హార్వర్డ్‌కు ముందు ఆయన ఆరేళ్ళు ఏ బడిలో చదివాడు, అక్కడ ఏం జరిగింది అనే సంగతి మాత్రం చాలామంది చెప్పరు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ బడి పేరు లేక్‌సైడ్ స్కూల్. అమెరికా దేశానికి వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. (రాజధాని వాషింగ్టన్ నగరం వేరు, అది దేశానికి ఆ చివరన ఉంది. జనరల్ నాలెడ్జి పోటీలో మేము ఇక్కడే ఒక మార్కు పోగొట్టుకున్నాం.) ఆ రాష్ట్రంలో పెద్ద నగరం సియాటిల్. లేక్‌సైడ్ ఆ నగరంలోనే ఉంది. 5వ తరగతి నుంచి 12వ తరగతి దాకా చెబుతారు. ఇలాంటి బడిని అమెరికాలో ‘ఇండిపెండెంట్ కాలేజ్ ప్రిపరేటరీ డే స్కూల్’ అంటారు. పేరు పొడుగ్గా ఉన్నా అర్థం కష్టమైనదేమీ కాదు.

ఇండిపెండెంట్ అంటే ప్రభుత్వం నడపదు, లాభం కోసం ఒక యజమానీ నడపడు. ట్రస్టీల బోర్డు ఒకటి ఉంటుంది. పిల్లల ఫీజులు, పాత విద్యార్థులు ఇచ్చే విరాళాలు, మూలనిధి మీద వచ్చే రాబడి, వీటితో బడి నడుస్తుంది. డే స్కూల్ అంటే హాస్టల్ లేని బడి. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోతారు. మనకు హాస్టలే ఇల్లు కాబట్టి ఈ మాట కొంచెం ఆగి ఆలోచించాల్సిందే. అక్కడ హోంవర్కు ధారాళంగా ఇవ్వగలుగుతున్నారంటే, ఇంటికి పోయిన పిల్లవాడికి ఒక బల్ల, ఒక దీపం, అడిగితే చెప్పే మనిషి ఉంటారన్న నమ్మకంతోనే ఇస్తారు. ఇక కాలేజ్ ప్రిపరేటరీ అంటే పిల్లల్ని మంచి కాలేజీకి తయారుచేయడమే పనిగా పెట్టుకున్న బడి. మన దగ్గరి ఎంసెట్ కోచింగు లాంటిది అనుకుంటే పొరపాటు. ఎందుకు పొరపాటో చెబుతాం.

మన బడిలో ఒక తరగతి అంతా ఒకే గదిలో కూర్చుంటుంది. గంట కొట్టినప్పుడల్లా సార్లు మారుతారు. అక్కడ సార్లు, మేడములు తమ గదుల్లోనే ఉంటారు, పిల్లలు పుస్తకాలు పట్టుకుని గది మారుతారు. ఎందుకంటే పైతరగతుల్లో ఏ ఇద్దరి సబ్జెక్టులూ ఒకలా ఉండవు. ఒకడు లెక్కల్లో ముందుకు పోయి పైతరగతి వాళ్ళతో కూర్చుంటాడు, అదే పిల్లవాడు ఫ్రెంచిలో మొదటి మెట్టు మీద ఉంటాడు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, చరిత్ర, ఒక పరభాష తప్పనిసరి. వాటితో పాటు చిత్రలేఖనమో, నాటకమో, సంగీతమో కూడా ఉండాలి. ఆటలు కూడా చదువులో భాగమే. తరగతిలో పదిహేను, ఇరవై మందికి మించరు. ఇలాంటి బడులు చాలావాటిలో బల్ల చుట్టూ కూర్చోబెట్టి పాఠం నడుపుతారు. సారు ప్రశ్న వేసి ఊరుకుంటారు, పిల్లలే మాట్లాడాలి. ఎనభై మంది ఉన్న తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న మాకు ఇది చదివినప్పుడు భయమే వేసింది. ఎందుకంటే అక్కడ దాక్కోవడానికి వెనక బెంచీ ఉండదు!

మార్కుల పద్ధతి వేరు. మనకు పదో తరగతి చివర్లో కొద్ది రోజుల పరీక్షలే అన్నీ తేలుస్తాయి. అక్కడ 9 నుంచి 12వ తరగతి దాకా నాలుగేళ్ళలో ప్రతి సబ్జెక్టులో వచ్చిన గ్రేడూ ఒక కాగితం మీదికి ఎక్కుతుంది. దాన్ని ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. ఒక్క రోజు జ్వరం వస్తే జీవితం తలకిందులు కాదు. అలాగని ఒక్క నెల రాత్రింబగళ్ళు చదివితే సరిపోదు. దీనికి తోడు 1600 మార్కులకు ‘శాట్’ అనే పరీక్ష ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా కాలేజీలు దాన్ని తప్పనిసరి కాదన్నాయి. తర్వాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2022లో, హార్వర్డ్ 2024లో మళ్ళీ పరీక్ష అడుగుతామని ప్రకటించాయి. వీటన్నిటి మీద విద్యార్థి తన గురించి తానే ఒక వ్యాసం రాయాలి. తనకు పాఠం చెప్పిన టీచర్లతో ఉత్తరాలు రాయించాలి. ఆ ఉత్తరంలో ‘మంచి విద్యార్థి’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ నమ్మరు. వీడు ఏ ప్రశ్న అడిగాడు, ఎక్కడ తడబడ్డాడు, మళ్ళీ ఎలా లేచాడు అని రాయాలి. అంటే ఆ టీచరుకు ఆ పిల్లవాడు నిజంగా తెలిసి ఉండాలి. తరగతులు చిన్నవిగా ఉంచడానికి ఇదీ ఒక కారణమే. కోచింగు సెంటరులో పిల్లవాడికి ఒక ర్యాంకు ఉంటుంది గాని, వాడి గురించి పేజీన్నర రాయగలిగిన మనిషి ఉండడు.

ఇదంతా చదివి అక్కడ అంతా బంగారమని అనుకోవద్దు. లేక్‌సైడ్ ఫీజు ఏడాదికి నలభై వేల డాలర్లు దాటింది. కొందరికి బడే ఫీజు తగ్గించి సాయం చేస్తుంది, అయినా ఎక్కువగా అది కలిగినవాళ్ళ బడే. కాలేజీ సీటు కోసం పిల్లల మీద పడే ఒత్తిడి అక్కడా తక్కువ కాదు. 2019లో అమెరికాలో పెద్ద కుంభకోణం బయటపడింది. కొందరు ధనవంతులు లంచాలిచ్చి శాట్ జవాబులు దిద్దించారు, ఆడని పిల్లల్ని ఆటగాళ్ళని చూపించి పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్లు సంపాదించారు. నటులు, వ్యాపారులు జైలుకు పోయారు. ‘రిజర్వేషన్ గాళ్ళు’ అని మమ్మల్ని వెక్కిరించిన క్లాసుమేట్లకు ఆ వార్త చూపించాలని మాకు అనిపించింది.

ఇక కంప్యూటర్ గది సంగతికి వద్దాం. 1968లో లేక్‌సైడ్ మగపిల్లల బడి. ఆ పిల్లల తల్లులకు ఒక సంఘం ఉండేది. ఇళ్ళలోని పాత సామాన్లు పోగుచేసి అమ్మి, వచ్చిన డబ్బు బడికి ఇచ్చేవారు. ఆ ఏడాది ఆ డబ్బుతో బడిలో ఒక టెలిటైప్ యంత్రం పెట్టారు. అది కంప్యూటర్ కాదు. తెర ఉండదు. పెద్ద టైపు మిషను లాగా ఉండి, టెలిఫోను తీగ ద్వారా ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటరుతో మాట్లాడుతుంది. జవాబు కాగితం మీద టకటకా అచ్చు పడుతుంది. ఆ దూరపు కంప్యూటరును వాడుకున్న సమయానికి లెక్కకట్టి డబ్బు చెల్లించాలి. అమెరికాలో కూడా అప్పుడు చాలా కాలేజీలకే అలాంటి వసతి లేదు.

అప్పుడు గేట్స్ ఎనిమిదో తరగతి, వయసు పదమూడు. పాల్ అలెన్ పదో తరగతి. ఆ యంత్రం గురించి సార్లకు తెలిసింది కూడా అంతంత మాత్రమే. కొద్ది రోజుల్లోనే పిల్లలు వాళ్ళను దాటిపోయారు. ఇక్కడ ఆ సార్లు చేసిన పని చూడండి. తమకు రాదు కాబట్టి గదికి తాళం వేయలేదు. పిల్లల్ని ఆ గదిలో వాళ్ళ మానాన వాళ్ళను వదిలేశారు. బేసిక్ అనే భాషలో గేట్స్ రాసిన మొదటి ప్రోగ్రాము సున్నా-ఇంటూ ఆట.

తల్లులు ఇచ్చిన డబ్బు చూస్తుండగానే అయిపోయింది. అప్పుడు సియాటిల్‌లోనే కొత్తగా పెట్టిన ఒక కంప్యూటర్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. పిల్లలు ఆ కంపెనీ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టాలి, బదులుగా కంప్యూటరును ఉచితంగా వాడుకోవచ్చు. శనివారాలు, రాత్రుళ్ళు అక్కడే గడిపేవారు. మధ్యలో దొంగదారిన పాస్‌వర్డులు సంపాదించి దొరికిపోయారు, కొంతకాలం దగ్గరికే రానివ్వలేదు. 1970లో ఆ కంపెనీ మూతపడింది. పిల్లలు మరో చోటు వెతుక్కున్నారు.

మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం టైంటేబుల్‌ది. 1971లో లేక్‌సైడ్ సెయింట్ నికొలస్ అనే ఆడపిల్లల బడితో కలిసిపోయింది. ఏ ఇద్దరి సబ్జెక్టులూ ఒకటి కావని పైన చెప్పాం గదా. ఇప్పుడు పిల్లలు పెరిగారు, సబ్జెక్టులు పెరిగాయి. ఎవరికీ రెండు క్లాసులు ఒకే గంటలో పడకూడదు, గది చాలాలి, టీచరు ఖాళీగా ఉండాలి. చేత్తో వేస్తే తెగని లెక్క. బడి ఈ పనిని విద్యార్థులకే అప్పగించింది. గేట్స్, అతని ప్రాణమిత్రుడు కెంట్ ఎవాన్స్ కలిసి మొదలుపెట్టారు. 1972 మే నెలలో కొండలెక్కడం నేర్చుకుంటూ ప్రమాదంలో కెంట్ చనిపోయాడు. అప్పటికే కాలేజీలో ఉన్న పాల్ అలెన్‌ను పిలిపించుకుని గేట్స్ ఆ పని పూర్తి చేశాడు. ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న క్లాసులో తన పేరు పడేలా చూసుకున్నానని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకున్నాడు. ఒక బడి మొత్తం నడిచే టైంటేబులును పదిహేడేళ్ళు నిండని పిల్లవాడి చేతిలో పెట్టారంటే, ఆ సార్ల ధైర్యానికి దండం పెట్టాలి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు జవాబు. 1975లో హార్వర్డ్ వదిలిపెట్టేనాటికి గేట్స్ ఏడేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. చదువు లేక బయటికి రాలేదు, చేతినిండా చదువుతో వచ్చాడు. ఆ బడి దొరకడం తన అదృష్టమని ఆయన చాలాసార్లు ఒప్పుకున్నాడు. ‘అంత తెలివిగల పిల్లలు మన ఊళ్ళలో లేరా?’ అని మాలో ఒకడు అడిగాడు. ఉన్నారు. టెలిటైప్ ఉన్న గది లేదు, అంతే.

అదే మైక్రోసాఫ్ట్‌కు 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయిన సత్య నాదెళ్ళ మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు విద్యార్థి. ఆ బడిని 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టారు. జాగీర్దారీ రద్దయ్యాక 1951లో పబ్లిక్ స్కూలుగా మారింది. మన ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కూడా ప్రభుత్వం లాటరీ తీసి ఒకటో తరగతిలో అక్కడ సీట్లు ఇప్పించింది. లాటరీలో పేరు రాని పిల్లలే మన హాస్టళ్ళ నిండా ఉన్నారు.

మన హాస్టలుకు కంప్యూటర్లు వచ్చిన రోజు మేము ఎనిమిదో తరగతిలో ఉన్నాం. సరిగ్గా గేట్స్ వయసు! కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు తీశారు, గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. పది పాసై వెళ్ళేలోపు మేము వాటిని ముట్టుకున్నది నాలుగు సార్లు. ఎవరినీ నిందించడానికి ఈ మాట రాయడం లేదు. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోయినా, పగిలినా వార్డెన్ గారే జవాబు చెప్పుకోవాలి, జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న భయం ఆయనకు ఉంటుంది. లేక్‌సైడ్ సార్లకు ఆ భయం లేదు. ఇంకో మౌసు కొనడానికి అక్కడ తల్లుల సంఘం ఉంది.

అందుకని పాత విద్యార్థులం పదకొండు మందిమి కలిసి ఒక మాట అనుకున్నాం. మౌసులు, కీబోర్డులు పాడైతే బాగుచేయించే ఖర్చు మేము పెట్టుకుంటాం. దాని కోసం కొంత డబ్బు జమచేసి ఈ వార్షికోత్సవం రోజున వార్డెన్ గారికి అందజేస్తున్నాం. దానితో పాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా ఇస్తున్నాం. అందులో గీతలు కొట్టి పేరు, తరగతి, లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము అని రాసి ఉంచాం. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక ఒక గంట, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు గది తెరిచి ఉంచాలని, తాళంచెవి పదో తరగతి లీడరు దగ్గర ఉండాలని సార్‌కు మా మనవి. ఆ పుస్తకంలో మొదటి పేరు పోయినసారి ప్రశ్న అడిగిన తమ్ముడిదే రాశాం. ఇప్పుడు వాడు పదో తరగతి.