గుర్రమెక్కే ముందు సైస్‌ను పలకరించండి

స్వారీ నేర్పే చోట ఒకే గుర్రం రోజూ పలువురు విద్యార్థులను మోస్తుంది. ఉదయం ఆరింటికి ఎక్కినవాడు పగ్గాలు విసురుగా గుంజితే, ఏడింటికి వచ్చే అమ్మాయి చేతికి నోరు బిగబట్టి తల విదిలించే గుర్రం వస్తుంది. స్వారీ క్లాసులో మర్యాదలతో పనేమిటని అడిగేవారికి నా జవాబు ఇదే. మీ మొరటుతనాన్ని ఆ గుర్రం నోటి దగ్గరే వదిలి ఇంటికెళ్తారు, మీ తర్వాత వచ్చేవారు దాన్ని అనుభవిస్తారు. నెమ్మది చేతులతో స్వారీ చేస్తే ఆ మంచీ వాళ్లకే అందుతుంది.

క్లాసుకు పావుగంట ముందే వెళ్లండి. మొదట గుర్రాన్ని చూసుకునే సైస్‌ను పలకరించండి. పేరు తెలుసుకుని 'అన్నా' అని పిలవండి. మీరు వచ్చేసరికే ఆయన పేడ ఎత్తి, దాణా పెట్టి, ఒళ్లు తోమి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, జీను కట్టి ఉంటాడు. "ఈ రోజు ఇది ఎలా ఉందన్నా?" అని అడిగి చూడండి. చెవి ముట్టుకుంటే ఒప్పుకోదనీ, ఫలానా గుర్రాన్ని పక్కకు రానివ్వదనీ, నిన్న కాస్త కుంటిందనీ చెబుతాడు. ఆ సంగతులు ఏ పాఠంలోనూ ఉండవు. ఫీజు కట్టాం కదా అని ఆయన్ని చిటికె వేసి పిలిచే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లది ఇంట్లో చూసి నేర్చుకున్న అలవాటు, ముందు పెద్దలే మానుకోవాలి.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా చూస్తుంది కానీ సరిగ్గా తోక వెనుక, నుదుటికి ఎదురుగా కొంత మేర కనపడదు. కనపడని చోటు నుంచి మనిషి హఠాత్తుగా వస్తే బెదిరి తన్నుతుంది. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లండి. ముందు మెడ మీద చెయ్యి వేయండి. ప్రేమకొద్దీ జేబులోంచి తీసి ఏదీ తినిపించకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, తినకూడనిది తింటే కడుపునొప్పి ప్రాణం మీదికి వస్తుంది. క్యారెట్టయినా అడిగే పెట్టండి.

స్వారీ మైదానంలోకి అడుగుపెట్టే ముందు వస్తున్నానని గట్టిగా చెప్పండి, లోపలివారు సరేనన్నాకే గేటు తీయండి. ఎదురుపడిన గుర్రాలు ఎడమ భుజాలు పక్కపక్కన ఉండేలా దాటిపోవాలి. అంటే ఎవరి కుడి పక్కకు వారు జరగాలి. ఇది మన రోడ్డు అలవాటుకు పూర్తిగా వ్యతిరేకం, కనుక కొత్తవారు ఇక్కడే తడబడతారు. ముందున్న గుర్రానికి కనీసం ఒక గుర్రం పొడవు దూరం ఉంచండి. తోకకు ఎర్ర రిబ్బన్ కనిపిస్తే అది తన్నే గుర్రమని గుర్తు, ఇంకా దూరం జరగండి. ఎవరైనా కిందపడితే అందరూ గుర్రాలు ఆపాలి. నవ్వడం, ఫోన్ తీయడం అక్కడ క్షమించరానివి.

గుర్రం మాట వినకపోతే కోపం వస్తుంది, సహజమే. గ్రీకు సేనాని జెనొఫోన్ రెండు వేల ఏళ్లకు పైగా వెనుక అశ్వవిద్య మీద రాసిన గ్రంథంలోనే కోపంతో గుర్రం దగ్గరికి వెళ్లొద్దని హెచ్చరించాడు. ఇప్పటి కోచ్‌లు కూడా అదే చెబుతారు. మీ గొంతు పెరుగుతోందని తోచిన క్షణాన గుర్రాన్ని నిలపండి, ఊపిరి పీల్చుకోండి, కోచ్‌ను అడగండి. తప్పు చాలాసార్లు మనం కూర్చునే తీరులోనే దొరుకుతుంది.

క్లాసు అయిపోగానే దూకి కారెక్కేయకండి. గుర్రాన్ని కాసేపు మెల్లగా నడిపించండి, దిగాక జీను పట్టీ వదులు చేయండి, సైస్‌కు, కోచ్‌కు థాంక్స్ చెప్పండి. మర్నాడు రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేయండి. ఆ గంట ఇంకో విద్యార్థికి దక్కుతుంది, లేదంటే గుర్రానికి విశ్రాంతి దొరుకుతుంది.