కేబుల్ తీసేయాలా, ఉంచాలా?

ప్రశ్న: మాది విజయవాడ. కేబుల్ టీవీ ఉంది. అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. ఒక కంపెనీవాళ్లు నెట్, టీవీ, ఓటీటీ కలిపి 499కే ఇస్తామంటున్నారు. కేబుల్ తీసేయమంటారా? – ఒక గృహిణి

జవాబు: అప్పుడే వద్దమ్మా. ముందు నెట్ ఒక్కటే, అదీ నెల ప్లాన్‌తో పెట్టించుకోండి. ఏడాది డబ్బు ముందే కడితే డిస్కౌంట్ అంటారు గానీ, సర్వీసు బాగోకపోతే ఆ డబ్బు రాబట్టుకోవడం కష్టం. 499 మీద 18 శాతం జీఎస్టీ పడితే దాదాపు 589 అవుతుంది. ఇన్‌స్టలేషన్, రౌటర్ డిపాజిట్ ఎంతో, తిరిగిస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి.

వీడియో మీటింగులకు అప్‌లోడ్ వేగం ముఖ్యం, అదెంతో అడగండి. వంద ఎంబీపీఎస్ మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. అంతకు మించిన ప్లాన్ అంటగట్టబోతే వద్దనండి. ఏ కంపెనీ మంచిదంటే నేను చెప్పలేను. ఒకే కంపెనీ సర్వీసు వీధి వీధికీ మారిపోతుంది. పక్క అపార్ట్‌మెంటులో వాడేవాళ్లను, లైను తెగితే ఎన్ని గంటల్లో వస్తున్నారో అడగండి.

టీవీ సంగతి వేరు. ఓటీటీలో సీరియల్ దొరుకుతుంది, కానీ మీరు రోజూ చూసే ఛానళ్లన్నీ లైవ్‌లో రాకపోవచ్చు. జాబితా రాసుకుని సరిచూడండి. పైగా నెట్‌తో నడిచే బాక్సయితే, నెట్ పోయిననాడు టీవీ కూడా పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే కేబులే నయం, రిమోట్ అలవాటైనదే కదా! రౌటర్‌కి మాత్రం చిన్న యూపీఎస్ కొనండి, కరెంటు పోయినా మీటింగ్ ఆగదు.