దొరికింది సరే, దక్కిందా?

నిన్న ఫోన్‌లో చూసినవాటిలో ‘భలే ఉందే’ అనిపించినవి ఓ మూడు, ఫోన్ ముట్టుకోకుండా చెప్పండి. కొత్త టెక్నాలజీ ముచ్చటో, రాజకీయ నాయకుడి పాత వీడియోనో, సినిమా కబురో ఏదైనా సరే. మొదటిది టక్కున వస్తుంది. రెండోదానికి నుదురు రుద్దుకుంటాం. మూడోది ఎంతకీ రాదు. గంటసేపు చూసిన మాట నిజమే, మిగిలింది మాత్రం అంతే.

అందుకు జ్ఞాపకశక్తిని తిట్టుకోనక్కర్లేదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. ఫోన్ తెరకు అది లేదు. వేలితో జరిపేకొద్దీ కొత్తవి వచ్చిపడే ఏర్పాటును 2006లో రూపొందించిన డిజైనర్ ఏజా రాస్కిన్. జనం సమయాన్ని అది ఎలా మింగేస్తోందో చూసి తర్వాత ఆయనే బహిరంగంగా నొచ్చుకున్నాడు. ఎక్కడ ఆగాలో తెర చెప్పదు. మనమే నిర్ణయించుకోవాలి. కంటపడినదాన్ని సొంతం చేసుకోవడానికి ఈ ఐదు అలవాట్లు చాలు.

1. రోజుకు ఒక్కటే ఎంచుకోండి

ఇరవై విషయాలు సేవ్ చేసి పెట్టుకుంటాం, మళ్లీ ఒక్కటీ తెరవం. అంతకంటే రోజుకు ఒక్కటి ఎంచుకుని చిన్న నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాసుకోవడం మేలు: విషయం ఏమిటి, ఎవరు చెప్పారు, నాకు వచ్చిన సందేహం ఏమిటి. మూడోదే అసలైనది. సందేహం పుట్టని విషయం తెల్లారేసరికి మరుపులో పడుతుంది.

2. మొదటి చోటు దాకా వెళ్లండి

‘మన తెలుగు పలకరింపు అంతరిక్షంలో తిరుగుతోంది’ అని ఎవరో పంపారనుకోండి. నమ్మాలా, నవ్వి ఊరుకోవాలా? రెండూ వద్దు. నాసా వెబ్‌సైట్ తెరవండి. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రికార్డు ఒకటి ఉందని, అందులో 55 భాషల పలకరింపులు ఉన్నాయని కనిపిస్తుంది. ఆ జాబితాలో తెలుగు ఉంది, వినొచ్చు కూడా. కన్నడ, మరాఠీ, ఒడియా, గుజరాతీ కూడా ఉన్నాయి. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. ఎంపిక చేసిన బృందానికి పెద్ద కార్ల్ సేగన్. వచ్చిన కబురు ఒక్క వాక్యం, వెతికితే చేతికి చిక్కింది ఓ సాయంత్రపు కాలక్షేపం. ‘తెలుగు ఒక్కటే’ అని గొప్పలు పోయే ప్రమాదమూ తప్పింది.

పెద్ద చదువులున్నంత మాత్రాన ఈ అలవాటు దానంతటదే రాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చరిత్రలో డాక్టరేట్ ఉన్నవాళ్లు 10 మంది, విద్యార్థులు 25 మంది, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లు 10 మంది. అందరికీ అవే వెబ్‌సైట్లు చూపించారు. ఆచార్యులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీలోనే ఉండి, దాని హంగు, లోగో, భాష చూసి బోల్తా పడ్డారు. నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రం క్షణాల్లో ఆ పేజీ వదిలి, వేరే ట్యాబ్‌లు తెరిచి ‘అసలు వీళ్లెవరు?’ అని బయట ఆరా తీశారు. తక్కువ సేపట్లో సరైన జవాబు పట్టుకున్నారు. మనిషి గురించి ఊళ్లో వాకబు చేసినట్టే పేజీ గురించీ చేయాలి.

3. మీకు నచ్చినదాన్నే ముందు అనుమానించండి

గిట్టని పార్టీ గురించి ఏదైనా వస్తే మనలో ఓ సీబీఐ అధికారి నిద్ర లేస్తాడు. మనవాళ్లను పొగిడే కబురు వస్తే ఆ అధికారి సెలవు పెడతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనడం రాజకీయాల్లో మరీ సులువు.

2016 నవంబరులో రూ.2000 నోటు వచ్చినప్పుడు ఏం జరిగింది? అందులో నానో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుందని ప్రచారం ఊపందుకుంది. కొన్ని టీవీ చానళ్లూ వంత పాడాయి. నోటు ప్రత్యేకతలంటూ రిజర్వు బ్యాంకు ఇచ్చిన వివరాల్లో చిప్ ఊసే లేదు. ఆ ఒక్క పేజీ చూస్తే సరిపోయేది. కానీ నల్లడబ్బు దొరికిపోవాలన్న కోరిక బలంగా ఉన్నచోట పేజీ తెరిచే ఓపిక ఉండదు.

దీనికి డార్విన్ పాటించిన పద్ధతి ఉంది. తన సిద్ధాంతానికి ఎదురు నిలిచే విషయం కనబడితే వెంటనే కాగితం మీద పెట్టేవాడు. అనుకూలమైనవాటికంటే ప్రతికూలమైనవే తొందరగా మరపుకొస్తాయని ఆత్మకథలో రాసుకున్నాడు. వారానికి ఒక్కసారైనా మీ అభిప్రాయానికి అడ్డుపడే నిజం ఒకటి నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. వాదనలో మీ గొంతు తగ్గుతుంది, మాటకు బరువు పెరుగుతుంది.

4. తీగ లాగండి

‘నాటు నాటు’ పాట నేపథ్యంలో కనిపించే ఆ భవనం ఏది? కీవ్‌లోని మారిన్‌స్కీ ప్యాలెస్, ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారిక నివాసం. చిత్రీకరణ 2021 ఆగస్టులో జరిగింది. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలైంది. చాలామంది ఇక్కడితో ఆగి ‘అబ్బో’ అంటారు. మీరు ఇంకొంచెం లాగండి. ఆ అధ్యక్షుడు ఎవరు? జెలెన్‌స్కీ, అంతకుముందు హాస్యనటుడు. 2015లో మొదలైన టీవీ సీరియల్‌లో బడిపంతులుగా నటించాడు. అవినీతి మీద ఆ పంతులు మండిపడుతుంటే ఓ విద్యార్థి వీడియో తీస్తాడు. అది ఆన్‌లైన్‌లో పాకిపోయి పంతులు దేశాధ్యక్షుడవుతాడు. 2019లో ఆ నటుడే నిజంగా అధ్యక్షుడయ్యాడు. అతని పార్టీకి పెట్టింది ఆ సీరియల్ పేరే.

పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన వైనం చూసిన మనకు ఇది కొత్త కథ కాదు. కానీ తేడాలేమిటి? ఆయన ప్రచారానికి చైతన్య రథం, ఇతనికి టీవీ, ఇంటర్నెట్. సినిమా పాట దగ్గర మొదలై టెక్నాలజీ, రాజకీయం దాకా వచ్చేశాం. ఇంటర్వ్యూలో, సభలో, స్నేహితుల మధ్య ఆకట్టుకునే మాటకారులు చేసేది ఇదే. వాళ్లు ఒకదాని వెంట ఇంకొకటి అడుగుతూ పోతారు.

5. చూడకుండా చెప్పండి, చూసుకుని పంపండి

నచ్చిన విషయాన్ని మళ్లీ మళ్లీ చూసినంత మాత్రాన అది గుర్తుండదు. రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం, మూసేసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే పైచేయి సాధించారు. రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లకు మీ మాటల్లో చెప్పి చూడండి. తడబడ్డచోటే మీకు తెలియనిది ఉంది.

ఇక పంపడం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకార్లకు మన దేశంలో అమాయకులు బలైన తర్వాత, 2018 జులైలో వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్‌లకే పరిమితం చేసింది. ఆ హద్దు యంత్రానిది. మన హద్దు మనకుండాలి. మొదటి చోటు దొరకని కబురు ముందుకు పంపకండి. ‘నేనొక్కడినే పంపానా?’ అనుకుంటే తిలాపాపం తలా పిడికెడు.

కుటుంబ గ్రూపులో పెద్దాయన తప్పుడు కబురు పెట్టారు. ఏం చేయాలి? అందరి ముందు ‘ఫేక్’ అని కొట్టిపారేస్తే నిజం గెలవదు, పంతం గెలుస్తుంది. విడిగా ఫోన్ చేయండి. ‘మామయ్యా, మీరు పెట్టింది చూశాను. నాకూ ఆసక్తి పుట్టి వెతికితే అది పాత వీడియో అని తేలింది. లింకు మీకు పంపనా?’ అనండి. తప్పు దిద్దుకునే మర్యాద ఆయనకే వదలండి. అలా చేస్తే ఈసారి ఏదైనా వచ్చినప్పుడు గ్రూపులో పెట్టకముందే ‘ఏమోయ్, ఇది నిజమేనా?’ అని మిమ్మల్నే అడుగుతారు.