మూగజీవికై శోకింపవచ్చునా?

అనంతపుర ప్రాంతమున వానలు తప్పిన యేడు పశువులకు మేత దొరకుట కష్టము. చొప్ప నిండుకొనును, వేరుసెనగ కట్టె నిండుకొనును. సంతకు తోలుటకు మనసొప్పక, తమ కూటిని తగ్గించుకొనియైనను ఎద్దును నిలుపుకొన జూచు రైతులు కలరు. పదేండ్లు కాడి మోసిన అట్టి జీవము నేలకొరిగినప్పుడు పసుపు కుంకుమ లద్ది, సొంత చేనిలోనే గోయి తీసి పూడ్చువారును కలరు. ఆ పూట ఆ యింట అన్నము సహింపదు. వాకిటి కుక్క పోయినను పసిపిల్లలది అదే గతి. అంతలో ఎవరో పెద్ద వచ్చి, “పశువు కొఱకు ఏడ్పేమి? జడభరతుని కథ వినలేదా?” యని మందలించును. పాపము, ఏడ్చువారికి దుఃఖముతోపాటు భయమును పట్టుకొనును.

భాగవతము పంచమస్కంధమును శ్రద్ధగా చదివినచో ఈ మందలింపు నిలువదు. రాజ్యము విడిచి పులహాశ్రమమున తపస్సు చేయుచున్న భరతుడు, సింహగర్జనకు బెదరి తల్లి యేటిలో జారవిడిచిన లేడిపిల్లను కాపాడెను. అందు దోషము లేదు. దాని ముద్దుముచ్చటలలో బడి స్నానము, జపము, పూజ ఒక్కొక్కటిగా విడిచెను. దోషమంతయు అక్కడ. మఱియొక మాట. ఆ లేడి భరతునికంటె ముందు చావలేదు! మరణించుచున్నవాడు భరతుడు, ప్రక్కన కన్నకొడుకు వలె శోకించుచున్నది లేడి. చనిపోయిన జీవికై కన్నీరు విడుచుట తప్పని చెప్పుటకు ఈ కథ యెట్లు పనికివచ్చును?

శోకించినవారి కథ కావలెనన్న, ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. 2022 వరకు అనంతపురం జిల్లాలోనుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన లేపాక్షి కలదు. రెక్కలు తెగి పడిన జటాయువును రాముడు “లే, పక్షీ” యని పిలిచినందున ఆ పేరు కలిగెనని స్థానికుల నమ్మిక. వాల్మీకి మాత్రము జటాయువునకు తర్పణము గోదావరిలో జరిగెనని చెప్పెను. కాంచీపుర సమీపమున తిరుప్పుట్కుழி దివ్యదేశమున విజయరాఘవస్వామి జటాయువునకు అంత్యక్రియ జరిపినట్లు స్థలపురాణము. ఇన్ని యూళ్లు ఒక గ్రద్దను తమదిగా చెప్పుకొనుటయే విశేషము.

అరణ్యకాండమున అఱువదియెనిమిదవ సర్గము చూడుడు. సీతను గోల్పోయిన దుఃఖముకూడ ఈ పక్షి తనకొఱకు మరణించిన దుఃఖమంతటిది కాదని రాముడు తమ్మునితో పలుకును. లక్ష్మణునిచే కట్టెలు తెప్పించి, చితి పేర్చి, స్వయముగా దహించెను, పిండప్రదానము చేసెను, ఉత్తమలోకములకు పొమ్మని అనుజ్ఞ యిచ్చెను. తండ్రికి దగ్గరనుండి చేయలేకపోయిన క్రియను తండ్రి మిత్రునికి చేసెను.

జటాయువు మాటలాడగల పక్షి, దశరథుని చెలికాడు. మన యెద్దును దానితో పోల్చుట యెట్లని యడుగవచ్చును. నిజమే, పోల్చరాదు. అయినను తిర్యగ్జంతువులలో సైతము సాధువులు, శూరులు, శరణు పొందదగినవారు ఉందురని ఆ సందర్భముననే రాముడు చెప్పెను. ఆ మాట ఒక్క జటాయువునకే పరిమితము కాదు.

ఇక ఆశౌచము మాట. జ్ఞాతి పోయినప్పటి పదినాళ్ల మైల పశువునకు లేదు. కావున నిత్యపూజ మానవలసిన పని లేదు. స్నానము చేసి, దీపము వెలిగించి, కన్నీటితోనే తులసిదళము స్వామికి సమర్పింపవచ్చును.

తర్పణము ముగించి రామలక్ష్మణులు సీతను వెదకుచు అడవిలోనికి నడచిరి. ఇక్కడ కొట్టములో జోడు పోయిన రెండవ యెద్దు గాటివైపు చూచి అఱచుచుండును. దానికి కుడితి పెట్టవలెను.