నోరులేని జతకు నువ్వే సాక్షి

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)

చిరంజీవి మనవడికి,

  

తిరనాళ్ల బండలాగుడు పోటీలకు నిన్ను కమిటీలో వేశారని తెలిసి సంతోషించాను. ఆరుపళ్ల విభాగంలో ఒక జత మీద తగాదా వచ్చిందని రాశావు. ఒక గిత్తకు నాలుగో జత పళ్లు చిగురు చీల్చుకుని వచ్చాయని కొందరు, అవింకా ఎదగలేదు గనక లెక్కలోకి రావని యజమాని. పెద్దలేమో ‘మనవాడే, సర్దుకుపో’ అంటున్నారు. నువ్వు సర్దుకుపోవద్దు నాయనా.

పశువుకు పై దవడలో ముందు పళ్లుండవు, కిందివి ఎనిమిదే. రెండేళ్లు దాటాక పాలపళ్లు ఊడి మొదటి రెండు వస్తాయి. ఆపైన దాదాపు ఏడాదికో జత చొప్పున, ఐదేళ్ల ప్రాయానికి నోరు నిండుతుంది. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టని పశువుకు పళ్లే వయసు పత్రం. పాలపళ్లు, రెండు, నాలుగు, ఆరు అని విభాగాలు పెట్టి, బండ బరువు మార్చింది అందుకే. ఎదిగిన గిత్తను లేతవాటి పక్కన నిలబెడితే అవతలి రైతుకు బహుమతి పోతుంది, నిజమే. కానీ అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఎదిగిన గిత్త లాగిన దూరాన్ని అందుకోవాలని అవతలివాడు తన లేత గిత్తలను చెర్నాకోలతో చావబాదుతాడు. ఒకడు అబద్ధమాడితే ఇంకొకడి ఎద్దు వీపు వాస్తుంది. ఆ ఎద్దు కమిటీ ముందుకొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

దేశదేశాల రైతులు దున్నే పోటీలు పెట్టుకుంటారు. 1953లో కెనడాలోని కోబర్గ్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. అక్కడ చాలు ఎంత తిన్నగా పోయింది, మట్టి ఎంత సమంగా తిరగబడింది అని చూస్తారు. చాలు వంకరపోతే చేత్తోనో కాలితోనో సర్దడం తప్పు. ఎందుకంటే అక్కడ కొలిచేది నాగలి పనితనాన్ని. మరి మనం కొలిచేది ఏమిటి? రైతు పెంపకాన్ని, జత బలాన్ని, తోలేవాడి మాటకు అవి పలికే తీరును. ములుకర్రతో పొడిచి, తోక మెలిపెట్టి, మందు పట్టించి లాగించిన అడుగులు బలంతో వచ్చినవి కావు, బాధతో వచ్చినవి. వాటిని మైకులో అంగుళాలతో సహా చదివితే కమిటీయే అబద్ధం చదివినట్టు.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ పశువును కొట్టి హింసించడాన్నీ, హాని చేసే మందు పెట్టడాన్నీ నేరమంది. కానీ మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే. లక్షలు పోసి జతను కొన్నవాడికి అదొక లెక్కా? వాణ్ని ఆపగలిగింది కమిటీయే. ఇంకో సంగతి మరవొద్దు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందాలనూ ఆపించింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను నిలబెట్టింది. పశువు బాధను తగ్గించే నిబంధనలున్నాయనే నిలబెట్టింది, వాటిని కచ్చితంగా అమలు చెయ్యాలనీ చెప్పింది. నిబంధన కాగితం మీదే ఉండిపోతే పోటీకి మిగిలే ఆధారం ఏముంటుంది?

ఇక చెయ్యవలసింది విను. పళ్లు పగటి వెలుగులో, పశువైద్యుడి చేత, రెండు పక్షాల ముందూ చూపించు. చిగురు దాటిన పన్ను పన్నే అని చీట్లు తియ్యకముందే రాసి, మైకులో చదివించు. ఆ యజమానిని అవమానించకు, పై విభాగంలో పేరు రాసుకునే అవకాశమివ్వు. బండను అందరి ఎదుటా కాటా వేయించు. బరిని టేపుతో కొలిచి గీతలు గియ్యి. సమయానికి రెండు గడియారాలు, ఇద్దరు మనుషులు ఉండాలి. జత వెంట ఎందరు పరిగెత్తొచ్చో ముందే తేల్చు, వాళ్ల చేతులు వెతికించు. గీత దాటి ముందే కదిలితే అది పొరపాటు, వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టించు. ములుకర్ర దొరికితే అది పొరపాటు కాదు. హెచ్చరికలు వద్దు, ఆ జత లాగిన దూరమంతా కొట్టెయ్యి.

ఈ దీవుల్లో మనకు బండలాగుడు లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఫోన్లో మీ పోటీలు చూడగలుగుతున్నాం. పక్కింటి పిల్లలు కూడా నా చుట్టూ చేరి, ఒంగోలు గిత్త అంటే ఇదేనా అని అడుగుతారు. వాళ్లకు గర్వంగా చూపించగలిగే పోటీ నువ్వు జరిపించాలి.

నీ మొదటి తీర్పు మన బంధువుల జత మీదే పడాలని కోరుకుంటున్నాను. అక్కడ నిక్కచ్చిగా ఉంటే మిగతావాళ్లు నీతో వాదించరు. నాలుగు రోజులు మాటలు పడతావు, పడు. వచ్చే ఏడు జతను తోలుకొచ్చే రైతు, ఇక్కడ లెక్క సరిగా ఉంటుందని నమ్మి వస్తాడు.

అమ్మానాన్నలకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య